స్వేచ్ఛల పటంలో ముందూ వెనకా

1930 ఏప్రిల్ 1న శారదా చట్టం అమల్లోకి వచ్చింది. ఆ రోజు నుంచి బ్రిటిష్ ఇండియాలో 14 ఏళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేయడం నేరం. గోదావరి ప్రాంతంలో కొందరు పెద్దలు దీనికి ఒక అడ్డదారి వెతుక్కున్నారు. కాకినాడకు దగ్గర్లోనే ఫ్రెంచివారి ఏలుబడిలో యానాం ఉంది. అక్కడ ఈ చట్టం చెల్లదు. పిల్లను, పురోహితుణ్ణి వెంటబెట్టుకుని సరిహద్దు దాటితే చాలు, మూడు ముళ్లూ వేయించి తిరిగి రావచ్చు. ఇలాంటి పెళ్లిళ్లు ఎంతగా జరిగాయంటే యానానికి కళ్యాణపురం అనే పేరు వచ్చింది.

ఆ యానాం మగవాళ్లకే, ఫ్రెంచి ఇండియా పౌరులుగా, 1870ల నుంచి పారిస్ పార్లమెంటుకు ఒక ప్రతినిధిని ఎన్నుకునే హక్కు ఉండేది. పక్కనే ఉన్న బ్రిటిష్ జిల్లాల రైతుకు లండన్ పార్లమెంటులో అలాంటి ప్రాతినిధ్యం ఏనాడూ లేదు. కానీ 1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటు ఇచ్చింది. ఆస్తి ఉన్న కొద్దిమందికే అయినా, ఇచ్చింది. యానాం స్త్రీకి ఆ హక్కు రావాలంటే ఫ్రాన్స్ మనసు మారాలి. అది 1944లో గానీ మారలేదు. ఒకే భాష, ఒకే గోదావరి, ఒకే కులాలు, ఒకే ఆచారాలు. ఈ రెండు ప్రాంతాల్లో ఏది ఎక్కువ ఉదారమైనదని అడిగితే, ఏ హక్కు గురించి, ఎవరి హక్కు గురించి అని తిరిగి అడగాల్సి వస్తుంది.

దేశాలను పోల్చేటప్పుడు ఈ ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. ఉత్తర యూరప్ పైమెట్టున, దాని కింద పశ్చిమ యూరప్, ఆ తర్వాత అమెరికా, ఆసియా ఎక్కడో అడుగున అనే బొమ్మ మన మనసుల్లో పాతుకుపోయింది. అదేదో ఆ నేలల స్వభావమైనట్టు మాట్లాడుకుంటాం. చరిత్ర మాత్రం ఆ బొమ్మ చాలా కొత్తదని చెబుతుంది.

ఫ్రాన్స్‌నే తీసుకుందాం. విప్లవ కాలంలో, 1791 శిక్షాస్మృతి స్వలింగ సంబంధాలను నేరాల జాబితా నుంచి తీసేసింది. అదే పని ఇంగ్లండ్ 1967లో చేసింది. ఇంగ్లండ్ మనకు అంటగట్టిపోయిన 377వ సెక్షన్‌లోని ఆ భాగం సుప్రీంకోర్టు చేతిలో పోవడానికి 2018 దాకా పట్టింది. 1794లో వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసింది కూడా ఫ్రాన్సే. ఎనిమిదేళ్లకు నెపోలియన్ దాన్ని తిరిగి తెచ్చాడు. రెండోసారి రద్దు కావడానికి 1848 దాకా ఆగాలి. ఇక భర్త అనుమతి లేకుండా సొంత బ్యాంకు ఖాతా తెరిచే హక్కు ఫ్రెంచి భార్యకు వచ్చింది 1965లో.

స్విట్జర్లాండ్ కథ ఇంతకన్నా ఆశ్చర్యం. 1942లో అక్కడ అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతి రెండు పనులు చేసింది. దేశమంతటా వయోజనుల స్వలింగ సంబంధాలను నేరం కాకుండా చేసింది. స్వార్థం లేకుండా మరొకరి ఆత్మహత్యకు తోడ్పడితే శిక్ష లేదంది. నేటికీ ఇతర దేశాల రోగులు కొందరు చివరి ఘడియల కోసం జ్యూరిక్ వెళ్తున్నారంటే ఆ నిబంధనే కారణం. చావు విషయంలో ఇంత విశాలంగా ఆలోచించిన దేశంలో ఆనాటికి స్త్రీలకు జాతీయ ఎన్నికల్లో ఓటు లేదు. 1959లో ఆ ప్రశ్న ప్రజాభిప్రాయ సేకరణకు వచ్చింది. ఓటు వేసేది మగవాళ్లే కాబట్టి, మూడింట రెండు వంతుల మంది వద్దన్నారు. 1971లో గానీ ఒప్పుకోలేదు. అప్పటికి ఇందిరా గాంధీ ప్రధాని అయి ఐదేళ్లు.

దీనికి కారణం స్విస్ మగవాళ్ల మూర్ఖత్వం ఒక్కటే కాదు. వారు గర్వంగా చెప్పుకునే ప్రత్యక్ష ప్రజాస్వామ్యమే అడ్డుగోడ అయింది. మిగతా దేశాల్లో పార్లమెంటు తీర్మానంతో పోయే పనికి ఇక్కడ ఓటున్నవాళ్లలో ఎక్కువమంది అంగీకారం కావాలి. చేతిలో ఉన్న అధికారాన్ని పంచుకోమని అడగాల్సింది ఆ అధికారం అనుభవిస్తున్నవాణ్ణే. అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అనే చిన్న కాంటన్‌లో (రాష్ట్రంలో) మగవాళ్లు ఆరుబయట గుమిగూడి చేతులెత్తి నిర్ణయాలు చేసే ఆనవాయితీ ఉండేది. 1990 ఏప్రిల్‌లో కూడా వాళ్లు స్త్రీలకు స్థానిక ఓటు వద్దన్నారు. అదే ఏడాది నవంబరులో ఫెడరల్ కోర్టు జోక్యం చేసుకుని ఇప్పించింది. ఆ ఊళ్లలో స్వేచ్ఛను తెచ్చింది జనం ఓటు కాదు, జనం ఓటును కాదన్న న్యాయమూర్తులు. ప్రజాస్వామ్యాన్నీ ఉదారవాదాన్నీ ఒకే గాటన కట్టేసేవారు ఈ ఉదంతం దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి.

స్వీడన్ 1766లోనే పత్రికా స్వేచ్ఛకు చట్టం చేసింది. ప్రభుత్వ కాగితాలను పౌరుడు అడిగి చూసే హక్కూ అందులో ఉంది. మన సమాచార హక్కు చట్టానికి అది ముత్తవ్వ. దాని కోసం పోరాడిన ఆండర్స్ చిడేనియస్ ఇప్పటి ఫిన్లండ్ ప్రాంతానికి చెందిన చర్చి గురువు. కానీ ఆ స్వీడన్‌లోనే 1951 దాకా, మరో మతశాఖలో చేరకుండా ప్రభుత్వ చర్చి నుంచి తప్పుకోవడానికి వీల్లేదు. 1935, 1975 మధ్య సుమారు 63,000 మందికి సంతాన నిరోధక శస్త్రచికిత్సలు జరిగాయి. వారిలో చాలామందికి అది ఒత్తిడితోనో, బలవంతంగానో జరిగింది. పేదలు, మానసిక వైకల్యం ఉందని ముద్రపడినవారు, ఎక్కువగా స్త్రీలు. సంక్షేమ రాజ్యానికి పునాదులు వేసిన తరమే ఆ చట్టాలనూ చేసింది. ఈ సంగతి చెప్పకుండా స్వీడన్‌ను ఆదర్శంగా చూపించడం ఆ బాధితులకు అన్యాయం.

ఇక ఉరుగ్వే. దక్షిణ అమెరికాలో, క్యాథలిక్ దేశాల మధ్య, ఇరవయ్యో శతాబ్దపు తొలి రెండు దశాబ్దాల్లో ఈ చిన్న దేశం చేసిన పనులు యూరప్‌నే వెనక్కి నెట్టాయి. హోసే బాట్యే ఇ ఓర్దోనియెస్ రెండుసార్లు అధ్యక్షుడయ్యాడు. ఆయన హయాంలో, ఆయన అనుచరుల చేతుల్లో సంస్కరణలు వరసకట్టాయి. 1907లో మరణశిక్ష రద్దయింది, విడాకులకు చట్టం వచ్చింది. 1913లో ఆ చట్టాన్ని సవరించి, కారణం చెప్పనక్కర్లేకుండా భార్య ఒక్కతే కోరినా విడాకులు ఇవ్వాలన్నారు. భర్తకు ఆ వెసులుబాటు లేదు. 1919 నుంచి చర్చి, ప్రభుత్వం వేరయ్యాయి. అధికారిక క్యాలెండరులో క్రిస్మస్ కుటుంబ దినం అయింది, ఈస్టర్ ముందరి పవిత్ర వారం పర్యాటక వారం అయింది. పక్కనున్న అర్జెంటీనా విడాకులను 1987 దాకా, చిలీ 2004 దాకా ఆపాయి. ఉరుగ్వేలో చర్చికి మొదట్నుంచీ భూమి, బలం తక్కువ. యూరప్ నుంచి వలస వచ్చినవారు ఎక్కువ. మాంసం, ఉన్ని ఎగుమతులతో ఖజానా నిండుగా ఉండేది. నాయకుడి పట్టుదలకు ఈ పరిస్థితులు కలిసొచ్చాయి.

అంత దేశమూ 1973లో సైన్యం గుప్పిట్లోకి వెళ్లింది. పన్నెండేళ్ల పాటు జైళ్లు, చిత్రహింసలు, ప్రవాసాలు. 1985లో పౌర పాలన తిరిగొచ్చింది. 2012, 2013లలో గర్భస్రావ హక్కు, స్వలింగ వివాహం, గంజాయి చట్టబద్ధత వెంటవెంటనే వచ్చాయి. పాత సంప్రదాయం చావలేదు. కానీ ఆ సంప్రదాయం ఒక్కటే సైనిక ట్యాంకులను ఆపలేకపోయింది కూడా.

ఐర్లాండ్ దీనికి తిరగేసిన కథ. 1937 రాజ్యాంగం విడాకులనే నిషేధించింది. 1995లో దాన్ని ఎత్తేయడానికి జరిగిన ఓటింగులో తేడా సుమారు 9,000 ఓట్లు. ఇరవయ్యేళ్లకు, 2015లో, అదే దేశం 62 శాతం ఓట్లతో స్వలింగ వివాహానికి ఒప్పుకుంది. ఒక తరం కళ్లెదుటే ఈ మార్పు జరిగింది.

మనవాళ్లు బాగా ఎరిగిన కాలిఫోర్నియా సంగతీ చెప్పుకోవాలి. ఇవాళ ఉదారవాదానికి కోటలా కనిపించే ఆ రాష్ట్రం 1913లో, పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు సాగుభూమి కొనకూడదని చట్టం చేసింది. ముఖ్యంగా జపాన్ రైతుల మీద గురి. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు శ్వేతజాతీయులు కారు, పౌరసత్వానికి అర్హులు కారు అన్నాక ఆ దెబ్బ పంజాబీ రైతులకూ తగిలింది. పౌరసత్వపు తలుపు 1946లో తెరుచుకుంది, అదీ ఏడాదికి వంద మంది వలసదారుల కోటాతో. 1965 వలస చట్టం రాకపోతే సిలికాన్ వ్యాలీలో ఉగాది పండగలే ఉండేవి కావు.

ఈ చిక్కులన్నిటినీ అంకెల్లో పెట్టే ప్రయత్నాలు లేకపోలేదు. ఫ్రీడమ్ హౌస్ సంస్థ 1970ల మొదటి నుంచి ఏటా దేశాలకు మార్కులు వేస్తోంది. మొదట్లో రేమండ్ గాస్టిల్ అనే పరిశోధకుడే దాదాపు ఒంటిచేత్తో ఆ పని చేశాడు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం కేంద్రంగా నడిచే వి-డెమ్ ప్రాజెక్టు వేలమంది నిపుణుల అంచనాలను క్రోడీకరిస్తుంది. 2021లో మొదటిది భారత్‌ను పాక్షిక స్వేచ్ఛ ఉన్న దేశంగా, రెండోది ఎన్నికలున్న నిరంకుశ పాలనగా పేర్కొన్నాయి. మన ప్రభుత్వం గట్టిగా ఆక్షేపించింది. పత్రికలపై ఒత్తిడినీ, అరెస్టులనూ గుర్తించడానికి ఈ కొలతలు నిజంగా అవసరం. వాటిని కొట్టిపారేయడం తప్పు. అయితే ఒక మొత్తం మార్కు చూసి, ఒక దేశంలోని భార్య, కూలీ, ఖైదీ, వలసదారు ఎవరెంత స్వేచ్ఛగా ఉన్నారో చెప్పలేం.

భారత్‌లో భార్యపై భర్త అత్యాచారం నేటికీ అత్యాచారంగా చట్టానికెక్కలేదు. స్వీడన్ ఆ పని 1965లోనే చేసింది. మరోవైపు భారత్ 1971లోనే గర్భస్రావాన్ని కొన్ని షరతులతో చట్టబద్ధం చేసింది. అమెరికా సుప్రీంకోర్టు ఆ హక్కును గుర్తించింది రెండేళ్ల తర్వాత, 1973లో. 2022 జూన్ 24న ఆ కోర్టే దాన్ని రద్దు చేసి, నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలేసింది. టెక్సాస్ దాదాపు పూర్తిగా నిషేధించింది. అదే ఏడాది సెప్టెంబరు 29న మన సుప్రీంకోర్టు, 24 వారాల వరకు గర్భస్రావానికి అవకాశమిచ్చే నిబంధన పెళ్లి కాని స్త్రీలకూ వర్తిస్తుందని తీర్పు చెప్పింది. ఇవాళ డాలస్‌లో ఉన్న తెలుగు స్త్రీకి ఈ అవసరం వస్తే న్యూ మెక్సికో దాకా ప్రయాణం కట్టాలి. హైదరాబాద్‌లో ఉన్న ఆమె చెల్లెలు ఊరు దాటనక్కర్లేదు.