ఇంద్రకీలాద్రి

ఇంద్రకీలాద్రి కృష్ణానది ఉత్తర తీరాన, విజయవాడ నగరాన్ని ఆనుకొని ఉన్న కొండ. తూర్పు కనుమలకు చెందిన ఈ కొండపై కనకదుర్గ, మల్లేశ్వరస్వామి ఆలయాలు వెలశాయి. పైకెక్కినవారికి ఒకవైపు బెజవాడ డాబాలు, వీధులు, మరోవైపు ప్రకాశం బ్యారేజి, నదికి ఆవల సీతానగరం కొండ కనిపిస్తాయి.

దేవి తనపై కొలువుండాలని కీలుడు తపస్సు చేసి పర్వతమయ్యాడనీ, ఆమె దర్శనానికి ఇంద్రాది దేవతలు రావడంతో ఆ పర్వతానికి ఈ పేరు వచ్చిందనీ స్థలపురాణం చెబుతుంది. అర్జునుడు పాశుపతాస్త్రం కోసం తపస్సు చేసి, కిరాతరూపంలో వచ్చిన శివునితో పోరాడినది ఇక్కడేనని మరో నమ్మకం. ఆ కిరాతార్జున ఘట్టాన్ని చెక్కిన ప్రాచీన శిలాస్తంభం ఇక్కడ లభించడాన్ని బట్టి, ఈ నమ్మకం ఇటీవల పుట్టినది కాదని తెలుస్తుంది.

కొండ చరిత్రకు అన్నిటికన్నా విలువైన ఆధారం తూర్పు చాళుక్యుల కాలపు యుద్ధమల్లుని బెజవాడ శాసనం. జయంతి రామయ్య పంతులు పరిష్కరించి ప్రకటించిన ఈ శాసనాన్ని 10వ శతాబ్ది ప్రథమార్ధానిదిగా ఎక్కువమంది పండితులు నిర్ణయించారు. ఇది మధ్యాక్కరలలో, అంటే పాదానికి రెండు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, మళ్ళీ రెండు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం ఉండే దేశి ఛందస్సులో ఉంది కనుక, నన్నయకు ముందే తెలుగు పద్యం శిలకెక్కిందనడానికి గట్టి సాక్ష్యమయింది. చేబ్రోలు నుంచి బెజవాడ జాతరకు వచ్చిన కుమారస్వామి ఈ చోటు నచ్చి ఇక్కడే నిలిచిపోగా, మల్లరాజు ఆయనకు గుడిని, మఠాన్ని కట్టించాడని శాసనం చెబుతుంది. ఆ మఠంలో గొరగలకు, అనగా ఒక శాఖకు చెందిన శైవులకు, మాత్రమే చోటుండాలని కూడా అందులో కట్టడి ఉంది. పొరుగూరి దేవుడే జాతరకు తరలివచ్చాడని చెప్పేంతగా వెయ్యేళ్ళ క్రితమే బెజవాడకు యాత్రాస్థలంగా పేరుండేదన్న సంగతి ఏ రాజవంశావళికన్నా ముఖ్యమైనది.

కొండ దిగువన రాతిని తొలిచి చేసిన గుహాలయాలను అక్కన్న మాదన్న గుహలంటారు. గోల్కొండ సుల్తాను తానీషా కొలువులో మంత్రులైన ఆ సోదరులది 17వ శతాబ్దం. గుహలు మాత్రం వారికన్నా ఎన్నో శతాబ్దాల ముందువి.

కొండకూ నదికీ ఉన్న సంబంధం భక్తితో ఆగలేదు. ఈ కొండకూ సీతానగరం కొండకూ నడుమ కృష్ణ ఇరుకవుతుంది కనుకనే, 1852-55 మధ్య కట్టిన ఆనకట్టకు ఇంజనీర్లు ఈ చోటును ఎంచుకున్నారు. ఆ ఆనకట్టకు 1952లో గండిపడగా, దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజి సిద్ధమైంది. ఇక్కడి నీరే కాలువల ద్వారా డెల్టా పొలాలకు చేరుతుంది.

ఏడాదిలో కొండ కిటకిటలాడేది దసరా నవరాత్రులలో. రోజుకొక అలంకారంలో అమ్మవారు దర్శనమిస్తుంది. మూలా నక్షత్రంనాడు సరస్వతీ అలంకారం ఉంటుంది, ఆనాడే ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు సమర్పిస్తారు. ఘాట్ రోడ్డు, బస్సులు వచ్చినా మెట్లదారిని విడవని వారెందరో ఉన్నారు. మొక్కుకున్న స్త్రీలు ఒక్కొక్క మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, నడుము వంచిన భంగిమలోనే పైదాకా సాగుతారు. విజయదశమి సాయంత్రం హంసవాహనంపై జరిగే తెప్పోత్సవం మాత్రం నది అనుకూలతను బట్టి ఉంటుంది; వరద ఎక్కువగా ఉన్న ఏడు నదీవిహారం ఉండదు. ఎర్రని వస్త్రాలు ధరించి దీక్ష పట్టిన భవానీలు ఇరుముడితో వచ్చి, కొండ చుట్టూ గిరిప్రదక్షిణ చేసి దీక్ష విరమిస్తారు.

ఇంతటి రద్దీకి తగినట్టుగా దారులు, మండపాలు పెంచుతూ పోవడంలో కొండ వాలుల భద్రతపై ఎప్పుడూ కన్ను ఉండాలి, ఎందుకంటే వానలకు రాళ్ళ మధ్య మట్టి నాని పట్టు సడలుతుంది. 2020 అక్టోబరు 21న, మూలా నక్షత్రం రోజునే, ఆలయ సమీపంలో కొండచరియలు విరిగిపడ్డాయి.