ఎట్టయపురంలో అచ్చయిన తెలుగు పుస్తకం

ముత్తుస్వామి దీక్షితుల నవగ్రహ కీర్తనలు తొమ్మిదింటినీ నేను చిన్ననాటినుండి వింటున్నాను. వాటిలో ఏడు మాత్రమే 1904 నాటి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో ఉన్నాయనీ, రాహుకేతువుల మీది రెండూ అందులో లేవనీ తెలిసిననాడు కొంత కలవరపడ్డాను. ఆ రెండూ తర్వాతి ప్రచురణలలో వెలుగు చూశాయి. అవి దీక్షితులవేనా అన్న సందేహం పండితులలో నేటికీ ఉంది. ఒక మహా వాగ్గేయకారుని రచన ఏదో, కానిదేదో తేల్చుకోవడానికి అందరూ తిరగవేసే ఆ పుస్తకం ఎలా పుట్టిందో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నకొద్దీ విస్మయమే మిగిలింది.

దీక్షితులు తిరువారూరులో పుట్టి, కాశీలో కొన్నేళ్ళుండి, ఎన్నో క్షేత్రాలు సేవించి, 1835లో తమిళదేశపు దక్షిణాన ఉన్న ఎట్టయపురంలో కన్నుమూశారు. అక్కడి సంస్థానంలో ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు విద్వాంసుడు. కర్ణాటక సంగీతానికి ఫిడేలును అలవాటు చేసిన తొలితరంవాడు. బాలుస్వామి తన దౌహిత్రుణ్ణే దత్తత చేసుకుని విద్య నేర్పాడు. ఆ బాలుడే సుబ్బరామ దీక్షితులు. ఆయన పుట్టింది 1839లో. అంటే ముత్తుస్వామి దీక్షితుల గొంతు ఆయన ఒక్కనాడూ వినలేదు. మనకు ప్రమాణమైన ఆ పాఠమంతా విన్నవారి నోట విన్నదే.

ఆ రోజుల్లో విద్య గురుముఖతః రావలసిందే. కుటుంబంలో దాచుకున్న కృతులను పుస్తకానికెక్కించి పదిమంది చేతిలో పెట్టడమంటే సామాన్యమైన సంగతి కాదు. ఆ పనికి సుబ్బరామ దీక్షితులను పురికొల్పినవాడు చిన్నస్వామి మొదలియారు. మతానికి క్రైస్తవుడు, చదువుకు ఎం.ఏ., వ్యసనానికి కర్ణాటక సంగీతం. త్యాగరాజ కృతులను పాశ్చాత్య స్వరలిపిలో రాసి 1890లలో మద్రాసునుండి ప్రచురించాడు. ఆ శ్రమలోనే కంటిచూపు సన్నగిల్లింది. 1899లో ఎట్టయపురం వెళ్ళి, దీక్షితుల సంప్రదాయాన్ని గ్రంథస్థం చేయించవలసిందిగా సంస్థానాధీశుని సమక్షంలో కోరాడు. రాజు పూనుకున్నాడు. అరవై దాటిన సుబ్బరామ దీక్షితులు కలం పట్టారు. 1904లో పుస్తకం అచ్చయింది. మరి రెండేళ్ళకే, 1906లో, ఆయన వెళ్ళిపోయారు. ఆ ముగ్గురిలో ఏ ఒక్కరు వెనుకాడినా ఏమయ్యేదో ఊహించుకోవడానికే నాకు భయం.

ఆ బృహద్గ్రంథం తెలుగులో ఉంది. తంజావూరు నాయకరాజుల, మరాఠారాజుల ఆస్థానాలనుండి అక్కడి సంగీతానికి తెలుగు వ్యవహారభాష కాబట్టి అది వింత కాదు. నన్ను ఆశ్చర్యపరచినది స్వరాల మీది గుర్తులు. కంపితం, స్ఫురితం, నొక్కు, రవ, జారు... ఒక్కొక్క గమకానికి ఒక్కొక్క సంకేతం. కంపితానికి అలలాంటి గీత, జారుకు వాలుగీత. వీణ మెట్టు మీద వేలు ఏం చేయాలో వివరణ కూడా ఇచ్చారు. స్వరాన్ని రాయవచ్చునేమో గాని ఊగే స్వరాన్ని రాయలేమన్నవారికి ఆయన అచ్చులోనే జవాబు చెప్పారు. ఒకప్పుడు తెర మీద ఒక్క వత్తు సరిగా కనబడక తంటాలు పడిన మనబోటివాళ్ళకు ఆ సీసపు అచ్చుల వెనుక ఎంత ఓర్పు ఉండి ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

అందులో ముత్తుస్వామి దీక్షితుల కృతులు 229. నేడు ఆయన పేరిట ప్రచారంలో ఉన్నవి నాలుగు వందలకు పైమాటే. పుస్తకంలో లేనివన్నీ ఆయనవి కావనడం తొందరపాటు. సుబ్బరామ దీక్షితులు తనదాకా వచ్చినవే కదా రాయగలిగారు! శిష్యుల ఇళ్ళలో మిగిలినవి వేరే ఉండవచ్చు. అలాగే పుస్తకంలోని పాఠమొకటి, సభలో వినబడే పాఠమొకటి అయినప్పుడు పాడేవారిని తప్పుపట్టడమూ సబబు కాదు. పాట గొంతులో బ్రతకాలి, బ్రతికినది మారుతుంది. కాని ఎంత మారిందో చెప్పడానికి ఒక సాక్షి కావాలి. దీక్షితుల నిర్యాణానికీ ఈ పుస్తకానికీ నడుమ 69 ఏళ్ళు. ఆ నడుమ ఎన్ని కృతులు ఎవరితోపాటు చితికెక్కాయో!

రచన దాని గొప్పతనం వల్లనే నిలుస్తుందని అనుకుంటూ వచ్చాను. ఇప్పుడలా అనుకోను. గొప్పవి కూడా పోతాయి. నిలిచినవాటి వెనుక చూపు పోగొట్టుకున్నవాడొకడు, దాచుకున్నది పంచిపెట్టినవాడొకడు ఉంటారు.

మా అమ్మమ్మ పాటల పుస్తకమొకటి మా ఇంట ఉండేది. చెదలు పట్టిందని ఎవరో పారవేశారు. అందులో ఏమున్నదో నాకిక తెలియదు. మీ ఇళ్ళలో అటువంటిది ఉంటే, దయచేసి ఈ రోజే తీసి చూడండి.