డెంటల్ థెరపిస్టు
దంతవైద్య పట్టా లేకపోయినా పుచ్చిపళ్ళు తొలిచి సిమెంటు నింపడం, పాలపళ్ళు తీయడం వంటి పనుల్లో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త. ఈ వృత్తి పుట్టిల్లు న్యూజీలాండ్. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యానికి ఎంపికైన యువకుల పళ్ళు అధ్వానంగా ఉండటంతో అక్కడి ప్రభుత్వం కలవరపడింది. దంతవైద్యుడు థామస్ హంటర్ చొరవతో 1921లో వెల్లింగ్టన్‌లో యువతులకు రెండేళ్ళ శిక్షణ మొదలైంది. ‘స్కూల్ డెంటల్ నర్సు’లుగా వాళ్ళు బడి ఆవరణల్లోని చిన్న క్లినిక్కుల్లో పనిచేశారు. తొలినాళ్ళలో డ్రిల్లును కాలితో తొక్కి తిప్పేవారు. ఆ గదికి పిల్లలు పెట్టిన పేరు ‘హత్యల ఇల్లు’; డ్రిల్లు చప్పుడు విన్నవారెవరూ వాళ్ళను తప్పుపట్టరు.

నేటి మలేసియాలోని పెనాంగ్‌లో 1949లో ఇలాంటి శిక్షణ బడి తెరిచారు. అమెరికాలో మాత్రం గొడవైంది. రోడ్డు దారి లేని అలాస్కా పల్లెలకు దంతవైద్యులు దొరకడం గగనం. అందుకే అక్కడి మూలవాసులు 2003లో తమ యువతను న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయానికి పంపారు. చదివొచ్చినవాళ్ళు వైద్యం మొదలుపెట్టాక అమెరికన్ డెంటల్ అసోసియేషన్ కోర్టుకెక్కింది. 2007లో రాజీ కుదిరింది.

భారతదేశపు 1948 నాటి దంతవైద్యుల చట్టంలో దంతవైద్యుడితో పాటు చోటు దక్కింది పళ్ళు శుభ్రం చేసే డెంటల్ హైజీనిస్టుకూ, కట్టుడుపళ్ళు చేసే డెంటల్ మెకానిక్కుకూ మాత్రమే.