సాక్సనీ స్ప్రూస్ అడవులు – పొగ, ఆమ్లవర్షం, అనావృష్టి : చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

అడవుల క్షీణతను వివరించే చరిత్రరచనలో గొడ్డలి, పోడు, పశువుల మంద, రైలుమార్గం ప్రధాన కారణాలుగా కనిపిస్తాయి. గాలి ఆ వరుసలో అరుదుగా చేరుతుంది. నరికిన చెట్టుకు మోడు సాక్ష్యంగా మిగులుతుంది. గాలి చంపిన చెట్టు నిలుచున్నచోటనే ఎండుతుంది. దాని మరణకారణాన్ని రుజువు చేయడానికి కొన్నిసార్లు తరాలు పడుతుంది. ఈ రుజువు చరిత్రను తొలినుంచీ చూపగల ప్రాంతం జర్మనీ తూర్పుభాగంలోని సాక్సనీ. ఆధునిక అటవీశాస్త్రపు తొలి గ్రంథాలలో ఒకటి అక్కడే పుట్టింది. పొగ చెట్లకు చేసే హానిపై తొలి రసాయన ప్రయోగాలు అక్కడే జరిగాయి. ఇరవయ్యో శతాబ్దంలో ఆమ్లవర్షానికీ, ఇరవై ఒకటో శతాబ్దంలో అనావృష్టికీ బలైన అడవులూ అక్కడివే.

తెలుగులో 'వాతావరణం' అనే ఒకే మాట భూమిని ఆవరించిన గాలికీ, ఏనాటికానాటి ఎండవానలకూ, దీర్ఘకాలిక శీతోష్ణస్థితికీ వాడుకలో ఉంది. ఈ వ్యాసంలో మొదటిదానికి 'గాలి', చివరిదానికి 'శీతోష్ణస్థితి' అనే మాటలు వాడబడ్డాయి. ఈ రెండూ మారవన్న నమ్మకంపై అటవీశాస్త్రం తన లెక్కలు కట్టుకుందనీ, సాక్సనీ అడవుల చరిత్ర ఆ నమ్మకం రెండుసార్లు చెదిరిన చరిత్ర అనీ చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

గనుల నుంచి స్ప్రూస్ తోటలకు

సాక్సనీ దక్షిణ సరిహద్దున ఎర్ట్స్‌గెబిర్గె పర్వతాలు ఉన్నాయి. ఆ పేరుకు ఖనిజపర్వతాలని అర్థం. వెండి గనుల ఆసరాకు, ఖనిజాన్ని కరిగించే కొలిమికి కలపే ఆధారం. సాక్సనీ గనుల పాలనలో ఉన్నతాధికారి అయిన హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్జ్ 1713లో 'సిల్వికల్చురా ఎకనామికా' అనే గ్రంథం ప్రచురించాడు. తిరిగి పెరిగేటంత మేరకే కలప తీయాలన్న ఆలోచనను అందులో ప్రతిపాదించాడు. నేడు 'సుస్థిరత' అని వ్యవహరిస్తున్న భావనకు మూలాల్లో అది ఒకటి. అడవిని కాపాడాలన్న ఆ ఆలోచన వెనుక గని అవసరం ఉంది.

1811లో హైన్రిష్ కోటా థారాంట్ పట్టణానికి వచ్చి అటవీ విద్యాలయం నెలకొల్పాడు. 1816లో అది రాజ విద్యాపీఠం అయింది. తరువాతి కాలంలో అక్కడి మాక్స్ ప్రెస్లర్ నేలమీద పెట్టిన పెట్టుబడికి వచ్చే నికర రాబడిని బట్టి అడవిని నడపాలన్న సిద్ధాంతాన్ని రూపొందించాడు. ఆ లెక్కలో త్వరగా పెరిగే స్ప్రూస్ నెగ్గింది. బీచ్, ఫర్ కలిసి ఉండే మిశ్రమ అడవుల స్థానంలో ఒకే వయసు స్ప్రూస్ చెట్ల వరసలు వచ్చాయి. నాటిన మొక్క కోతకు వచ్చేవరకు దాదాపు ఎనభై నుంచి నూట ఇరవై ఏళ్లు. అంతకాలమూ వాన, వేడి, గాలి ఇప్పటిలాగే ఉంటాయన్నది ఆ ప్రణాళికలో ఎవరూ రాయని తొలి షరతు.

పొగ శాస్త్రవిషయం కావడం

ఆ షరతును మొదట భంగపరచింది గనులే. ఫ్రైబెర్గ్ పరిసరాల్లోని లోహపు కార్ఖానాల పొగ వల్ల పంటలూ పశువులూ చెట్లూ దెబ్బతింటున్నాయని రైతులు ఫిర్యాదు చేశారు. థారాంట్‌లో వ్యవసాయ రసాయనశాస్త్ర ఆచార్యుడైన యూలియస్ అడోల్ఫ్ ష్టోక్‌హార్ట్ 1850ల నుంచి ఈ హానిని పరిశోధించాడు. గంధక డయాక్సైడ్ సోకిన మొక్కలను పరీక్షించి, కంటికి కనిపించనంత పలుచని మోతాదు కూడా, పదేపదే సోకితే, సూదిమొన ఆకులను చంపగలదని తేల్చాడు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. కార్ఖానాలూ, అడవుల్లో పెద్దభాగమూ ప్రభుత్వానివే. వాది, ప్రతివాది, న్యాయమూర్తి ఒక్కరే అయిన ఆ వ్యవహారంలో నష్టపరిహారం ఒక మార్గమైంది. పొగను దూరం పంపడం రెండో మార్గమైంది.

1889లో హాల్స్‌బ్రూకెలో 140 మీటర్ల పొగగొట్టం పూర్తయింది. అప్పటికి ప్రపంచంలో అదే అత్యంత ఎత్తయినది. దగ్గరి పొలాలకు కొంత ఊరట లభించింది. కాని పొగ తగ్గలేదు, పలచబడి దూరానికి వ్యాపించింది. ఫిర్యాదు చేయడానికి పక్కనే కార్ఖానా కనిపించని అడవికి హాని చేరింది. అంతకు ముందే, 1872లో, బ్రిటన్‌లో రాబర్ట్ ఆంగస్ స్మిత్ 'ఆమ్లవర్షం' అన్న పదాన్ని ప్రయోగించాడు. ఎత్తయిన గొట్టాలు నిలిచిన తరువాత ఆ పదం ఒక నగరపు సమస్యను దాటి దేశాల మధ్య వివాదానికి పేరైంది.

'అడవి చావు'

రెండో ప్రపంచయుద్ధం తరువాత ఎర్ట్స్‌గెబిర్గెకు ఇరువైపులా, తూర్పు జర్మనీలోనూ చెకోస్లొవేకియాలోనూ, గంధకం ఎక్కువగా ఉన్న లిగ్నైట్ బొగ్గుతో విద్యుత్ కేంద్రాలు నడిచాయి. కొండశిఖరాల మీద వేల హెక్టార్ల స్ప్రూస్ ఎండిపోయింది. 1982లో తూర్పు జర్మన్ ప్రభుత్వం పర్యావరణ సమాచారాన్ని రహస్యంగా ప్రకటించింది. అడవి కళ్ల ముందు ఎండుతుండగా దాని లెక్క మాత్రం ప్రజలకు అందలేదు.

పశ్చిమ జర్మనీలో పరిస్థితి వేరు. గోటింగెన్ శాస్త్రవేత్త బెర్న్‌హార్ట్ ఉల్రిష్ నేలలో జరిగే మార్పును వివరించాడు: ఆమ్లం నేలలోని కాల్షియం, మెగ్నీషియంలను కడిగివేస్తుంది, విడుదలైన అల్యూమినియం సన్నని వేళ్లను దెబ్బతీస్తుంది. 1981 నవంబరులో 'డెర్ స్పీగెల్' పత్రిక అడవి చనిపోతోందని ముఖపత్ర కథనం ప్రచురించింది. 'వాల్డ్‌స్టెర్బెన్', అంటే అడవి చావు, అనే మాట ఇంటింటా నిలిచింది. 1983లో పెద్ద విద్యుత్ కేంద్రాల పొగ నుంచి గంధకాన్ని తొలగించాలన్న నిబంధన వచ్చింది. 1985లో హెల్సింకి ఒప్పందం గంధక ఉద్గారాలను నూటికి ముప్పై తగ్గించాలని నిర్దేశించింది.

జర్మనీ అడవులన్నీ చావలేదు. అందువల్ల ఆనాటి ఆందోళన ఒట్టి భయమేనన్న వాదం తరువాత బలపడింది. ఆ వాదం రెండు విషయాలను విస్మరిస్తుంది. ఒకటి, ఎర్ట్స్‌గెబిర్గె శిఖరాలపై అడవి నిజంగానే చనిపోయింది. 1995–96 శీతకాలంలోనూ అక్కడ స్ప్రూస్ తీవ్రంగా దెబ్బతిన్నది. రెండు, గంధక ఉద్గారాలు 1990తో పోలిస్తే నూటికి తొంభైకి పైగా తగ్గాయి. చట్టమూ, తూర్పు జర్మనీ పరిశ్రమల మూతా కలిసి ఆ ఫలితాన్నిచ్చాయి. మందు తీసుకున్నందువల్ల బతికిన రోగిని చూపి రోగమే లేదనడం చరిత్ర పద్ధతి కాదు.

అనావృష్టి, బెరడు పురుగు

పొగకు తట్టుకుంటుందని ఎండిన శిఖరాలపై అమెరికా మూలానికి చెందిన నీలి స్ప్రూస్‌ను నాటారు. పొగ తగ్గిన తరువాత, చెక్ వైపు ఆ తోటలను మొగ్గలను చంపే శిలీంధ్రం పట్టింది. గత శత్రువును లెక్కించి ఎంచుకున్న జాతి కొత్త శత్రువు ముందు నిలవలేదు. 2018 నుంచి వరుసగా వచ్చిన అనావృష్టి సంవత్సరాల్లో ఇదే పాఠం దేశమంతటా పెద్ద పరిమాణంలో పునరావృతమైంది. స్ప్రూస్ వేళ్లు లోతుకు దిగవు. బెరడును తొలిచే పురుగును చెట్టు తన జిగురుతో ముంచి చంపుతుంది; నీరు లేనిదే జిగురు లేదు. వేడి పెరిగిన సంవత్సరాల్లో ఆ పురుగు రెండుకు బదులు మూడు తరాలను కూడా పుట్టించగలదు. ఒకే వయసు, ఒకే జాతి చెట్లు దానికి ఎదురులేని మేతయ్యాయి. 2022 జూలైలో సాక్సన్ స్విట్జర్లాండ్, బొహీమియన్ స్విట్జర్లాండ్ కొండల్లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. 2024లో వెలువడిన నాలుగో జాతీయ అటవీ గణన ప్రకారం 2017 నుంచి జర్మనీ అడవి కార్బన్‌ను దాచుకొనే స్థితి నుంచి విడుదల చేసే స్థితికి మారింది.

రెండు సంక్షోభాలకూ మధ్య ముఖ్యమైన భేదం ఉంది. గంధకానికి గొట్టం ఉంది, యజమాని ఉన్నాడు, సున్నంతో పట్టి జిప్సంగా మార్చే యంత్రం ఉంది. శీతోష్ణస్థితి మార్పుకు ఒక్క గొట్టం చూపి తీర్పు చెప్పడం సాధ్యం కాదు. దానికి ఎదురుగా అటవీశాఖ చేయగలిగింది తన పరిధిలోని చెట్ల కూర్పును మార్చడమే. బీచ్, ఓక్, ఫర్‌లతో మిశ్రమ అడవిని తిరిగి పెంచడం అంటే ప్రెస్లర్ లెక్క చెరిపివేసిన అడవి వైపు అడుగు వేయడం.

తెలుగు ప్రాంతంతో సంబంధం

ఈ చరిత్ర తెలుగువారికి పూర్తిగా పరాయిది కాదు. 1864లో భారత అటవీశాఖకు తొలి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయిన డీట్రిష్ బ్రాండిస్ బాన్ నగరవాసి. అతని తరువాత ఆ పదవిలో ఉన్న ష్లిష్, రిబెంట్రాప్ కూడా జర్మన్లే. కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలు భాగంగా ఉన్న మద్రాసు రాజ్యంలో అటవీ పాలనపై బ్రాండిస్ సలహాలిచ్చాడు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. స్ప్రూస్ ఇక్కడికి రాలేదు. అడవిని విభాగాలుగా కొలిచి, ఎదుగుదలను లెక్కించి, కోతకు కాలం నిర్ణయించే 'వర్కింగ్ ప్లాన్' పద్ధతి వచ్చింది, నేటికీ కొనసాగుతోంది. ఆ పద్ధతితోపాటు రేపటి వాన నిన్నటి వానలాగే ఉంటుందన్న షరతు కూడా వచ్చిందా అన్నది తెలుగునాట అటవీ చరిత్ర పరిశోధకులు వేయవలసిన ప్రశ్న.

ముగింపు

కార్లోవిట్జ్ కాలం నుంచి సుస్థిరత అంటే తీసినంత పెరగాలన్న సమీకరణం. అందులో నేల ఉంది, చెట్టు ఉంది, కాలం ఉంది. గాలికీ శీతోష్ణస్థితికీ చోటు లేదు. 1850లలో ష్టోక్‌హార్ట్ ప్రయోగాలు గాలిని ఆ సమీకరణంలోకి తెచ్చాయి. ఆ రుజువుకు తగిన చట్టం రావడానికి 1983 వరకు, అంటే నూట ముప్పై ఏళ్లు, పట్టింది. ఒక స్ప్రూస్ తోట నాటడం నుంచి కోత వరకు పట్టే కాలం కన్నా అది ఎక్కువ. 2018 తరువాతి అనావృష్టి శీతోష్ణస్థితిని అదే సమీకరణంలో చేర్చమని కోరుతోంది. ఈసారి అంత వ్యవధి అడవికి లేదని ఎండిన కొండలే చెబుతున్నాయి.