క్లిక్కుల చిట్టా

ఒక మనిషికి ఏ పుస్తకము నచ్చునో తెలిసికొనుటకు రెండు మార్గములు కలవు. అతనిని అడుగుట ఒకటి. అతడు చేయు పనిని కనిపెట్టి ఉండుట రెండవది. కోఠిలో పాత పుస్తకములు అమ్మువానికి రెండవ మార్గము బాగుగా తెలియును. తరచుగా వచ్చు విద్యార్థి ఏ దొంతర వద్ద నిలిచినాడో, ఏ పుస్తకమును తిరగవేసి ధర అడుగకయే పెట్టివేసినాడో ఓరకంట చూచి, మరునాడు "ఇది చూడు బాబూ" అని మరొకటి చేతికిచ్చును. ఈ నేర్పును యంత్రమునకు అలవరచుటకు జరిగిన ప్రయత్నముల చరిత్ర ముప్పది ఏండ్లకు పైబడినది.

మొదట శాస్త్రజ్ఞులు అడుగు మార్గమునే పట్టినారు. 1992లో అమెరికాలోని జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రమునుండి 'టాపెస్ట్రీ' అను ఏర్పాటును గూర్చిన వ్యాసము వెలువడినది. ఎలక్ట్రానిక్ ఉత్తరములు వెల్లువగా వచ్చిపడుచుండగా, ముందు చదివినవారు వాటిపై తమ అభిప్రాయములు వ్రాసి ఉంచుటయు, తరువాతివారు ఆ అభిప్రాయముల ఆధారముతో తమకు కావలసినవి ఏరుకొనుటయు ఇందలి పద్ధతి. దీనికి వారు పెట్టిన పేరును తెలుగులో 'సహకార వడపోత' అనవచ్చును. 1994లో పాల్ రెస్నిక్, జాన్ రీడెల్ ప్రభృతులు 'గ్రూప్‌లెన్స్' అను దానిని నిర్మించినారు. అందు పాఠకులు ప్రతి వార్తకు 1 నుండి 5 వరకు మార్కులు వేయవలెను. ఇంతవరకు మార్కులు కలసిన ఇద్దరికి ముందును కలియునన్నది దాని మూలసూత్రము.

సూత్రము మంచిదే. కాని చదువువారందరును మార్కులు వేయరు. ఆ పని ఎంత విసుగు పుట్టించునో ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు. అదే 1994లో జపాను శాస్త్రజ్ఞులు మొరితా, షినోదా ఒక సులభమైన సంగతిని గమనించినారు: ఆసక్తి కలిగించిన వార్త వద్ద పాఠకుడు ఎక్కువసేపు నిలుచును. అనగా అతడు నోరు విప్పకున్నను గడియారము చెప్పును. చరిత్ర ఇక్కడ మలుపు తిరిగినది. గ్రూప్‌లెన్స్ పరిశోధకులు కూడ తరువాత చదువు కాలమును లెక్కలోనికి తీసికొన్నారు.

అయితే చేసిన పనిని వ్రాసికొనవలెనన్న చేసినవాడెవడో తెలియవలెను. ఇంటర్నెట్‌లో పుటలు పంపు సర్వరుకు మరపు ఎక్కువ. ఒక పుటను అడిగినవాడే మరుక్షణము మరొక పుటను అడిగినను, దానికి అతడు కొత్తవాడే. 1994లో నెట్‌స్కేప్ సంస్థలోని లూ మాంటుల్లి దీనికి 'కుకీ' అను ఉపాయము కనిపెట్టినాడు. గుడి ముందు చెప్పులు దాచువాడు ఇచ్చు టోకెను వంటిది ఇది. అతనికి మన పేరు తెలియదు, టోకెను సంఖ్య తెలియును. అది చూపినంతనే మన చెప్పులేవో తెలియును. 1995లో జావాస్క్రిప్టు భాష వచ్చి రెండవ కొరత తీర్చినది. అంతకుముందు క్రొత్త పుటను అడిగినప్పుడే సర్వరుకు వార్త అందెడిది. ఇప్పుడు పుటలోనే చిన్న ప్రోగ్రాము ఉండి, మీట నొక్కుటను, పుటను క్రిందికి జరుపుటను కూడ ఒక్కొక్క 'సంఘటన'గా పసికట్టగలిగినది.

1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజపేయి మాదాపురమున సైబర్ టవర్సును ప్రారంభించినారు. హైటెక్ సిటీ దానితో మొదలైనది. అదే సంవత్సరము సియాటిల్ నగరములోని అమెజాన్ సంస్థ తన పుస్తక విక్రయములో క్రొత్త లెక్కను ప్రవేశపెట్టినది. ఈ రెండింటికి అప్పుడు సంబంధమేమియు లేదు, తరువాత కలిగినది.

ఆ లెక్కను గ్రెగ్ లిండెన్, బ్రెంట్ స్మిత్, జెరెమీ యార్క్ 2003లో ఒక వ్యాసములో వివరించినారు. అప్పటికి అమెజాన్ ఖాతాదారులు 2 కోట్ల 90 లక్షలకు పైబడినారు. ఒక మనిషిని ఇందరితోను పోల్చి అతని వంటివారిని వెదకుట, అతడు పుట తెరచిన రెప్పపాటులో కానిపని. వారు మనుషులను విడిచి వస్తువులను పోల్చినారు. నిఘంటువు కొన్నవారిలో ఎందరు వ్యాకరణము కూడ కొన్నారు? ఇట్టి పట్టికను తీరికగా ముందే కట్టి ఉంచినచో, అవసరమైనప్పుడు ఒక వరుసను తీసి చూపుటయే మిగులును. అయితే అందరును కొను వస్తువు ప్రతిదానికిని జతగా కనబడును. కనుక ఊరక కలిసి కొన్నవారి సంఖ్య చాలదు. కాకతాళీయముగా కలియదగిన దానికంటె ఎంత ఎక్కువ కలిసినదో చూడవలెను.

అమెజాన్ సంస్థ 2019 ఆగస్టులో నానక్‌రామ్‌గూడలో 9.5 ఎకరముల ఆవరణమున పెద్ద భవనమును తెరచినది. అందు 15,000 మంది పనిచేయవచ్చును. 2022 నవంబరులో ఆ సంస్థ కంప్యూటర్లను అద్దెకిచ్చు సేవకు, ముంబయి తరువాత, దేశములో రెండవ స్థావరము హైదరాబాదులో ఏర్పడినది. సొంత దుకాణములో వాడిన విద్యను ఇతరులకు అద్దెకిచ్చు 'పర్సనలైజ్' అను సేవను అది 2019లోనే అందరికిని తెరచినది. నేడు ఒక చిన్న సంస్థ ప్రోగ్రామరు కూడ కొద్ది పంక్తుల కోడుతో దీనిని వాడుకొనవచ్చును.

ఆ కోడు వ్రాయునది మన వర్తకుల చిట్టాయే. చిట్టాలో బేరములు జరిగిన వరుసనే పడును. ఆవర్జాలో పేరు పేరున విడివడును. ఇక్కడ చిట్టాలోని ఒక్కొక్క పద్దులో వాడుకరి సంఖ్య, వస్తువు సంఖ్య, చేసిన పని, చేసిన వేళ ఉండును. చూచుట ఒక పని, కొనుట ఒక పని. వీటితోపాటు 'సెషను' సంఖ్య ఒకటి కలదు. పేరు చెప్పక తిరుగువాని పద్దులు దీనిక్రింద పడును. అతడు పేరు చెప్పి లోపలికి వచ్చినంతనే, ఆ సెషనులోని వెనుకటి పద్దులు కూడ అతని ఖాతాకు చేరును. ఒక పర్యాయము పంపదగినవి పది సంఘటనలు. మొత్తము 1,000 సంఘటనలైనను లేనిది, కనీసము రెండేసి పనులు చేసినవారు 25 మందియైనను లేనిది యంత్రము నేర్చుకొనదు.

ఇంత శ్రద్ధగా వ్రాసిన చిట్టాకును గ్రుడ్డితనము కలదు. ఇంటిలో ఒకే ఫోను ఉండి, తండ్రి వార్తలు, బామ్మ హరికథలు, పిల్లవాడు లెక్కల పాఠము చూచినచో, చిట్టాలో ఈ ముగ్గురును కలిసి ఒక విచిత్రమైన మనిషి అగుదురు. వీడియో తనంతట తాను నడచినను 'చూచినాడు' అని పడవచ్చును. వీటికంటె పెద్ద చిక్కు మరొకటి. చూపని వస్తువును ఎవరును నొక్కలేరు. యంత్రము తాను చూపినవాటిలోనుండి వచ్చిన క్లిక్కులనే చదివి, మరల అట్టివే చూపుచుండిన, ప్రశ్నపత్రమును తానే ఇచ్చి, జవాబులను బట్టి లోకమింతే అనుకొనినట్లగును. అందుచేతనే నొక్కినవాటితోపాటు, చూపినను నొక్కనివాటిని కూడ వ్రాసియుంచు పద్ధతి వచ్చినది.

చిట్టాలో పేర్లు తీసివేసినంత మాత్రమున మనిషి మరుగుపడడని నెట్‌ఫ్లిక్స్ పోటీ బయటపెట్టినది. ఆ సంస్థ 2006లో సుమారు 4,80,000 మంది 17,770 చిత్రములకు వేసిన 10 కోట్ల మార్కులను, పేర్లు తొలగించి ప్రకటించి, తన లెక్కకంటె నూటికి పదిపాళ్లు మెరుగైన లెక్క కట్టినవారికి 10 లక్షల డాలర్ల బహుమానము పెట్టినది. 2009లో బహుమానము ఇచ్చినది కూడ. కాని 2008లోనే అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ అను పరిశోధకులు, బహిరంగముగా లభించు చలనచిత్ర సమీక్షలతో తేదీలను, మార్కులను పోల్చి, కొందరిని గుర్తించవచ్చునని నిరూపించినారు. పెట్టదలచిన రెండవ పోటీని సంస్థ 2010లో మానుకొనినది.

మన దేశమున గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు పుట్టస్వామి వ్యాజ్యములో 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార సంరక్షణ చట్టము వచ్చినది. దాని నిబంధనలు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. సంస్థల ముఖ్య బాధ్యతలకు 18 నెలల గడువు ఈయబడినది. ఈ చట్టము ప్రకారము 18 సంవత్సరములు నిండనివారు బాలురు. వారి నడవడిని కనిపెట్టి వ్రాయుటను, దానినిబట్టి వారికి ప్రకటనలు చూపుటను చట్టము నిషేధించుచున్నది. విద్యాసంస్థలకు మాత్రము చదువుకును, పిల్లల క్షేమమునకును అవసరమైనంత మేరకు నిబంధనలలో మినహాయింపు కలదు. కనుక విద్యార్థి ఏ పాఠము వద్ద ఎంతసేపు ఆగినాడో బడి తన బోధనకై వ్రాసికొనవచ్చును. ఆ చిట్టాను చూచి అతనికి సరకులు అమ్మజూపుటకు మాత్రము వీలులేదు.