కొట్టంల తుప్పు పట్టిన పాత బండికి ధర ఎట్ల కట్టాలె?



యాసంగి కోతలు అయిపోయినంక మన అమరచింత, ఆత్మకూరు దిక్కు ఊర్లల్ల పాత ఇనుము కొనెటోళ్లు తిరుగుడు ఎక్కువైతది. ఇదివరకు విరిగిన నాగలి కర్రులు, పాత మోటర్ల బాడీలు అడిగేటోళ్లు. ఇప్పుడు కొందరు కొట్టంలకు తొంగి చూసి "పాత జావా ఉన్నదా, రాజ్‌దూత్ ఉన్నదా" అని మెల్లగ అడుగుతున్నరు. కిలో లెక్కన ఇస్తమంటరు. ఇంకో దిక్కు మన పిల్లలు వీడియోలు చూసి, చుట్టాల ఇంట్ల పదిహేనేండ్ల నుంచి కదలని బండిని అడిగినంత పెట్టి ట్రాలీల ఏసుకొస్తున్నరు. అమ్మినోడూ మునుగుతున్నడు, కొన్నోడూ మునుగుతున్నడు. అసలు దేనికి ధర కడుతున్నమో ఇద్దరికీ తెల్వదు.

పెబ్బేరు సంతల ఎద్దును కొనేటప్పుడు పండ్లు చూస్తం, సుడులు చూస్తం, నడిపించి చూస్తం. నడవని బండికి ఆ నడిపించి చూసుడు లేదు. కాబట్టి మిగిలిన రెండూ గట్టిగ చూడాలె. అట్ల చూడాలంటే ఈ బండ్లు ఏడికెళ్లి వచ్చినయో, ఎందుకు మూలకు పడ్డయో తెలుసుకోవాలె. ఒకే బండికి మూడు కాలాలల్ల మూడు ధరలు పలికినయి. దాని వెనక పెద్ద చరిత్రనే ఉన్నది.

మొదటి కాలం లైసెన్సుల కాలం. ఏ కంపెనీ ఏడాదికి ఎన్ని బండ్లు చెయ్యాల్నో ప్రభుత్వమే చెప్పేది. బుల్లెట్‌ది ఇంగ్లండ్ పుట్టుక. మన సైన్యానికి సరిహద్దుల తిరగనీకె గట్టి బండి కావాల్సొచ్చి ఆ కంపెనీకి ఆర్డర్ ఇచ్చిన్రు. 1955ల మద్రాస్ మోటార్స్‌తోని కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది, మద్రాసు పక్కన తిరువొత్తియూరుల ఫ్యాక్టరీ పెట్టిన్రు. జావా చెకోస్లోవేకియా బండి. దాన్ని మైసూరుల ఐడియల్ జావా అనే కంపెనీ 1961ల తయారుచేసుడు మొదలుపెట్టింది. నడిపింది ఇరానీ కుటుంబం. 1970లల్ల ఒప్పందం అయిపోయినంక అదే బండి యెజ్డీ పేరుతోని వచ్చింది. రాజ్‌దూత్ ఎస్కార్ట్స్ కంపెనీది. పోలండ్ దేశపు ఎస్‌హెచ్‌ఎల్ అనే బండి నమూనాల 175 సీసీతోని 1962 నుంచి చేసిన్రు. మనం అచ్చ దేశీ అనుకున్న బండ్లన్నీ బయటి దేశాల బిడ్డలే.

ఆ కాలంల పైసలున్నా బండి దొరకకపోయేది. పేరు రాయించుకొని ఎదురుచూడాలె. బజాజ్ స్కూటర్‌కైతే ఏండ్లకేండ్లు. అందుకే కొన్న బండిని తెల్లారి అమ్మినా షోరూం ధర కన్నా ఎక్కువే వచ్చేది. ఊర్లల్ల బండి ఉన్నోళ్లంటే పటేండ్లు, పంతుళ్లు, ఎరువుల దుకాణపోళ్లు, పాల వ్యాపారం చేసేటోళ్లు. కట్నంల రాజ్‌దూత్ పెట్టిన్రంటే పెద్ద పెండ్లి అన్నట్టు.

రెండో కాలం 1985 చుట్టుముట్టు మొదలైంది. జపాన్ కంపెనీలు మనోళ్లతోని కలిసినయి. అదే ఏడు హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చినయి. హీరో హోండా ఫోర్ స్ట్రోక్, పెట్రోల్ల ఆయిల్ కలిపే పని లేదు, లీటరుకు వచ్చే కిలోమీటర్లు పాత బండ్ల కన్నా దాదాపు రెట్టింపు. దాంతోని జావా, రాజ్‌దూత్‌ల గతి మారింది. 1996ల మైసూరు ఫ్యాక్టరీ మూతపడ్డది. పొగ మీద రూల్స్ గట్టిపడి టూ స్ట్రోక్ బండ్లు ఒక్కొక్కటే ఆగిపోయినయి, ఆర్‌ఎక్స్ 100 తయారీ కూడా 1996లనే ఆగింది. ఎన్‌ఫీల్డ్ నష్టాలల్ల పడితే 1994ల ఐషర్ తీసుకున్నది. ఆ పదిహేను, ఇరవై ఏండ్లల్ల పాత బండి అంటే ఎవ్వడూ మొఖం చూడలే. ఎన్ని బండ్లు ముక్కలై కరిగిపోయినయో లెక్క లేదు. కరగకుండ మిగిలినయి ఏందంటే, నాయన గుర్తు అని ఎవరో అమ్మకుండ పత్తి కట్టె కింద దాచినయే.

మూడో కాలం ఇప్పుడు నడుస్తున్నది. 2018ల మహీంద్రా వాళ్ల క్లాసిక్ లెజెండ్స్ జావా పేరును మళ్ల తెచ్చింది, 2022ల యెజ్డీని తెచ్చింది. కొత్తది చూసినోళ్లకు పాతదాని మీద పాణం లేచింది. ఇగ హైదరాబాద్, బెంగళూరు నుంచి కొనెటోళ్లు మన గడపల్దాక వస్తున్నరు.

గందుకే చెప్తున్న, బండి స్టార్ట్ అయితదా లేదా అన్నది ధరల చిన్న ముచ్చట. పిస్టన్, రింగులు, క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు, టైర్లు ఎట్లనో అట్ల దొరుకుతయి. దొరకనిది దాని ఒంటి సామాను. జావాకైతే క్రోమ్ పలకలున్న పెట్రోల్ ట్యాంకు, హెడ్‌లైట్ డూమ్, దాని తాళం స్విచ్చి, పక్క డబ్బాలు, అసలు మడ్‌గార్డులు. ఇవి ఒంటి మీద ఉన్న జామైన బండి, ఇవి లేని నడిచే బండి కన్నా మేలు. బుల్లెట్ కూడా అంతే. పాత దానికి గేరు కుడి కాలు దిక్కు, బ్రేకు ఎడమ కాలు దిక్కు ఉంటది. దాన్ని ఎవరన్నా వెల్డింగ్ పెట్టి మార్చి ఉంటే ధర అక్కడనే సగం పడిపోయింది అనుకోండి.

రాజ్‌దూత్ దగ్గర జర జాగ్రత్త. మామూలు 175 బండి చాన అమ్ముడుపోయింది, అందుకే దాని ధర తక్కువనే. 1973ల బాబీ సినిమాల కనిపించిన చిన్న చక్రాల జీటీఎస్ వేరే, దాన్ని ఇప్పటికీ బాబీ రాజ్‌దూత్ అనే అంటరు. వీటన్నిటి కన్నా వేరే జాతి 1983ల వచ్చిన రాజ్‌దూత్ 350. యమహా ఆర్‌డీ 350 ఇంజన్, రెండు సిలిండర్లు. పెట్రోల్ తాగుడుకు భయపడి అప్పుడు జనం కొనలే, ఇయ్యాల దానికే ఎగబడుతున్నరు. ట్యాంకు మీద రాజ్‌దూత్ అని చూసి పాత ఇనుమోనికి ఇచ్చేసేటోళ్లు ఒకసారి ప్లగ్గులు లెక్కబెట్టుకోండి. సైలెన్సర్లు లెక్కబెడితే కుదరదు, జావా 250కి సిలిండర్ ఒక్కటే, సైలెన్సర్లు రెండు.

ఇగ ఇంజన్ సంగతి. బోరుబావి ఇంజన్లతోని కుస్తీ పట్టిన మనకు ఇది కొత్తగాదు. ఏండ్లు నిలబడ్డ బండిని చూడంగనే కిక్కు మీద ఎక్కి తొక్కుడు వద్దు. ఎండిన సిలిండర్‌ల తుప్పు పట్టిన రింగులు గీసుకపోతయి. ప్లగ్గు ఇప్పి, ఆ సందుల నుంచి జర డీజిల్, జర ఇంజన్ ఆయిల్ పోసి రాత్రంత వదిలేయాలె. తెల్లారి టాప్ గేర్ల ఏసి వెనక చక్రాన్ని ముందుకు, వెనక్కి మెల్లగ ఊపాలె. కదిలిందంటే హాఫ్ ఇంజన్ పనితోని బయటపడొచ్చు. కదలకపోతే ఫుల్ ఇంజన్ పనికి లెక్క కట్టుకోండి. టూ స్ట్రోక్‌ల క్రాంక్ దిక్కు పాడైతే లేత్ మిషన్ మీద ప్రెస్ పట్టి ఇప్పాలె, అది చేసే చెయ్యి అన్ని ఊర్లల్ల లేదు. జావాల గేరు రాడ్డే కిక్కు రాడ్డు, దాని పండ్లు అరిగినయా చేతితోని తిప్పి చూడండి. ట్యాంకు మూత తీసి టార్చి ఏసి చూడండి, అడుగున పొక్కులున్నయంటే ఆ తుప్పంత రేపు కార్బొరేటర్లకే పోతది.

ధర లెక్క నేను ఎనకనుంచి కడత. అదే బండి మంచిగ తయారై, కాగితాలతోని నడుస్తుంటే మన దిక్కు ఎంత పలుకుతదో ముందు ఇద్దరు ముగ్గురు మెకానిక్‌లను అడగాలె. లెక్క కోసం 80,000 అనుకుందం. ఇంజన్ పని 18,000, లేని సామాను 15,000, టైర్లు, వైరింగ్, పెయింటు 14,000, కాగితాల ఖర్చు 5,000. మొత్తం 52,000. మిగిలింది 28,000. పాత బండి పని ఎప్పుడూ అనుకున్న దగ్గర ఆగదు, కాబట్టి అండ్ల ఇంకో 8,000 పక్కకు పెడితే 20,000 కన్నా ఎక్కువ పెట్టొద్దు. అమ్మేటోళ్లు ఇదే లెక్కను తిరగేసి చూసుకోండి. బుల్లెట్ 160 కిలోల పైన ఉంటది, కిలో 30 చొప్పున ఇచ్చినా 4,800 అయితది. అంతకు మించి ఒక్క రూపాయి ఇయ్యకుండ ట్రాలీల ఎక్కించుకుంటున్నడంటే వాడు ఇనుము కొంటలేడు.

కాగితాల దగ్గరికొస్తే అసలు కథ మొదలైతది. 1989 కన్నా ముందు మన రాష్ట్రం బండ్లకు మూడు అక్షరాల నంబర్లు ఉండె. తర్వాత పాలమూరు జిల్లాకు ఏపీ 22 వచ్చింది, తెలంగాణ వచ్చినంక టీఎస్ 06. 2016ల జిల్లాలు విడిపోయినంక నాగర్‌కర్నూల్‌కు 31, వనపర్తికి 32, గద్వాలకు 33. బండి ఏ నంబర్ మీద ఉన్నా ఆర్సీలున్న చాసీ నంబర్, ఇంజన్ నంబర్ బండి మీది అచ్చుతోని కలవాలె. కాగితం పెట్టి పెన్సిల్‌తోని రుద్ది అచ్చు తీసుకోండి. చాసీ నంబర్ దగ్గర గ్రైండర్ గీతలు, కొత్త వెల్డింగ్ కనిపిస్తే బండి ఎంత మంచిగున్నా వెనక్కి రండి. ఆర్‌ఎక్స్ 100ల మీద దొంగల కన్ను ఉన్నది, ఒక బండి ఇంజన్ ఇంకో బండికి ఎక్కుతది. రాయచూరు పక్కనే కాబట్టి కేఏ 36 బండ్లు మన దిక్కు చాన ఉన్నయి. వాటికి అక్కడి ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ లేకుంటే ఇక్కడ మారదు.

డీజిల్ బుల్లెట్ మీద మన రైతులకు ఎప్పుడూ మోజే. ఎన్‌ఫీల్డ్ నిజంగనే టారస్ అని ఒకటి అమ్మింది. గ్రీవ్స్ లాంబార్డిని 325 సీసీ ఇంజన్, ఆరున్నర హార్స్ పవర్. పొగ రూల్స్‌తోని అది కూడా ఆగిపోయింది. కానీ పెట్రోల్ బుల్లెట్‌కు డీజిల్ ఇంజన్ బిగించినయి కూడా తిరుగుతుంటయి. ఆర్సీల ఇంధనం అని ఉన్న చోట డీజిల్ అని లేకుంటే అది టారస్ కాదు, దానికి టారస్ ధర ఇయ్యొద్దు.

మామూలు బండి రిజిస్ట్రేషన్ 15 ఏండ్లకు ముగుస్తది, తర్వాత ఐదేండ్లకోసారి కొత్తగ చేయించాలె. 2021ల కేంద్రం వింటేజ్ రూల్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏండ్లు దాటి, అసలు రూపంల ఉన్న బండికి వీఏ అనే అక్షరాలతోని వేరే నంబర్ ఇస్తరు. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000, పదేండ్లు చెల్లుతది. గానీ ఆ నంబర్ మీద రోజూ పొలం కాడికి పోయి వచ్చుడు కుదరదు, ప్రదర్శనలు, ర్యాలీల లాంటి వాటికే. పొలానికి వాడుకుంటం అనేటోళ్లు మామూలు రెన్యువల్ దారినే పోవాలె.

ఆర్సీ చనిపోయిన నాయన పేరు మీద ఉంటే అది విరాసత్ లెక్కనే. ఫారం 31 పెట్టి వారసుల పేరు మీదికి మార్చాలె, అన్నదమ్ముల ఒప్పుకోలు కావాలె. ఒక తమ్ముడు అమ్ముకుంటే ఇంకో అన్న అడ్డం పడ్డ ముచ్చట్లు భూములల్లనే కాదు, బండ్లల్ల కూడా ఉన్నయి. కొనేటోళ్లు పైసలు ఇయ్యకముందే ఇంట్ల అందరితోని మాట్లాడుకోండి.

అమ్మేటోళ్లకు ఇంకొకటి. నడవని బండే గదా, సంతకం ఎందుకు అనుకొని అట్లనే ఇచ్చేస్తుంటరు. దాన్ని కొన్నోడు బాగుచేసి రోడ్డెక్కించి ఎవరినన్న గుద్దితే నష్టపరిహారం కేసు ఆర్సీల పేరున్నోని మీదికే వస్తది. 2018ల నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసుల సుప్రీంకోర్టు గిదే చెప్పింది, చేతులు ఎన్ని మారినా రికార్డుల ఎవరి పేరుంటే వాళ్లే యజమాని అని. బండిని ట్రాలీల ఎక్కించకముందే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేయించండి. కొన్నోని ఆధార్ కాపీ తీసుకోండి, తేదీతో పాటు టైం కూడా రాసిన రసీదు ఒకటి మీ దగ్గర పెట్టుకోండి. ముక్కలు చేసే లెక్కన అమ్ముతుంటే ఆర్సీని ఆర్టీవో ఆఫీసుల రద్దు చేయించి, ఆ కాగితం చేతికొచ్చినంకనే బండిని గడప దాటనియ్యండి.