వేపకే తెగులు

2021 వానాకాలం ముగిసే వేళకు తెలంగాణలో వేపచెట్లు కొసల నుంచి ఎండసాగాయి. తూంకుంట మీదుగా పోయే రాజీవ్ రహదారి పక్కనా, మన గూడేల్లో, తండాల్లోనూ అదే తీరు. నిప్పు సెగ తగిలినట్టు చిగుళ్లు మాడిపోయాయి. ఇది ఫోమాప్సిస్ అజాడిరక్టే అనే శిలీంధ్రం తెచ్చే ఎండు తెగులని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చెప్పారు. 1990లలో డెహ్రాడూన్ వైపు కనిపించిన జబ్బే. టీ దోమ రసం పీల్చిన లేత కొమ్మల్లోకి అది సులువుగా దిగుతుంది, తేమకు పెరుగుతుంది.

విడ్డూరమేమంటే, వేపనూనెతో శిలీంధ్రాలను అణిచే పద్ధతికి యూరప్ పేటెంట్ కార్యాలయం 1994లో అమెరికా వ్యవసాయ శాఖకు, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీకి పేటెంటు ఇచ్చింది. ఇది మన రైతులకు ఎప్పుడో తెలిసిన విద్యేనని వందనా శివ తదితరులు పోరాడితే 2000లో రద్దయింది. 2005లో అప్పీలూ వీగిపోయింది. అలాంటి చెట్టుకే శిలీంధ్రం పట్టింది!

పూత మాడితే కాయ ఉండదు. వేపగింజలేరి అమ్ముకునే ఇంటికి అది చిన్న నష్టం కాదు.

కార్బెండజిమ్ పిచికారీ చేయమన్నారు. నర్సరీ మొక్కకు సరే, ఇంటిని కమ్మిన పాత చెట్టు కొసకు మందు ఎవరు కొట్టగలరు? అందినమేర ఎండు కొమ్మలు కోసి కాల్చడమే మన చేతిలో పని. చచ్చిందనుకుని కొందరు చెట్లు నరికేశారు. ఆగినవాళ్ల చెట్లు చాలావరకు వేసవికి మళ్లీ చిగురించాయి.